ఫెనిటాయిన్: మూర్ఛను ఆపే మందు, తూకం తప్పితే తూలించే మందు

మా జిల్లావారైన ఒక పెద్దాయన కొన్ని సంవత్సరాల క్రితం కుమారుని ఇంట ఆరు నెలలు గడపడానికి అమెరికా వచ్చారు. ఆయనకు నడివయస్సు నుంచి మూర్ఛవ్యాధి ఉన్నది. ప్రతి రాత్రి భోజనానంతరం 100 మిల్లీగ్రాముల మాత్రలు మూడు వేసుకొంటూ, ఏళ్ళ తరబడి ఒక్క మూర్ఛ కూడా రాకుండా గడుపుకొని వచ్చిన క్రమశిక్షణ గల మనిషి. ప్రయాణపు హడావుడిలో మాత్రల డబ్బా పెద్దపెట్టెలో సర్దారు. ఆ పెట్టె దారిలో ఎక్కడో తప్పిపోయి మూడవనాటికి గాని ఇల్లు చేరలేదు. అది చేరిన నాటి తెల్లవారుజామునే ఆయనకు మూర్ఛ వచ్చినది.

ఆసుపత్రికి తీసికొని వెళ్ళారు. "మందులు వాడుతున్నారా?" అని వైద్యుడు అడిగితే, "రోజూ వాడతారండీ" అని కుమారుడు నిజాయితీగానే బదులు చెప్పినాడు. రక్తపరీక్షలో మందు తక్కువగా ఉన్నదని తేలినది. మోతాదు చాలడం లేదని భావించి 300 మిల్లీగ్రాములను 400కు పెంచి ఇంటికి పంపించారు. మూడు రోజులుగా మాత్ర పడలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మూడు వారాల తరువాత ఆ అబ్బాయి నాకు ఫోను చేసినాడు. "అన్నయ్యా, నాన్నగారు నడుస్తుంటే తూలిపోతున్నారు. మాట ముద్దగా వస్తోంది. ఇది వయస్సు వలన వచ్చినదంటారా, పక్షవాతమా?" అన్నాడు. నా వృత్తి ఔషధశాస్త్రం గనుక మొదట మందుల సీసాల మీద ఉన్నదంతా చదివి వినిపించమన్నాను. 400 అన్న అంకె వినగానే, ఇంకేమీ ఆలోచించక ఆ రోజే రక్తంలో ఫెనిటాయిన్ ఎంత ఉన్నదో చూపించమని చెప్పినాను. ఉండవలసినది మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు. ఆయన రక్తంలో 30 దాటి ఉన్నది.

నూరు మిల్లీగ్రాములు, అనగా ఒకే ఒక్క మాత్ర అంత పని చేస్తుందా అని చాలామంది ఆశ్చర్యపడతారు. చేస్తుంది. ఎందుకు చేస్తుందో, ఈ మందు ఎక్కడ నుంచి వచ్చినదో, ఇళ్ళలో దీనిని వాడేవారు ఏమి తెలిసికొని ఉండాలో చెప్పడానికే ఈ వ్యాసం.

మూర్ఛ, అపస్మారం

మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని అపస్మారం అన్నారు. చరకసంహితలో దీనికి ప్రత్యేకంగా అధ్యాయాలే ఉన్నవి. స్మృతి తొలగిపోవడం దాని లక్షణంగా చెప్పడంలో వారి పరిశీలనాశక్తి కనిపిస్తుంది. మెదడులోని నాడీకణాలు సాధారణంగా ఎవరి పని వారిదిగా, ఎవరి వేళ వారిదిగా విద్యుత్ సంకేతాలను పంపుతూ ఉంటాయి. ఏ కారణం చేతనైనా వేలాది కణాలు ఒక్కసారిగా, ఒకే లయలో, అతివేగంగా సంకేతాలు పంపడం ఆరంభిస్తే దాని బాహ్యరూపమే మూర్ఛ. తలకు దెబ్బ, పుట్టుకలో ఇబ్బంది, మెదడులో గడ్డ, పక్షవాతం, మన దేశంలో విరివిగా కనిపించే బద్దెపురుగు తిత్తులు, ఇవన్నీ కారణాలే. అనేకులలో కారణం కనిపించనే కనిపించదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సరైన చికిత్స అందితే వారిలో నూటికి 70 మంది మూర్ఛలు లేకుండా జీవించగలరని కూడా ఆ సంస్థే చెబుతున్నది.

ఇది దయ్యం కాదు, అంటువ్యాధి కాదు, పిచ్చి అంతకంటే కాదు. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మనలో చాలామంది ఇళ్ళలో చూచినదే. ఒకటి రెండు నిమిషాలలో మూర్ఛ దానంతట అదే ఆగుతుంది. ఆ కీర్తి తాళంచెవులకు దక్కుతుంది. చేయవలసినది వేరు. మనిషిని పక్కకు ఒత్తిగిల్లేటట్లు తిప్పాలి, తల కింద మెత్తనిది ఏదైనా ఉంచాలి, నోటిలో చెంచా గాని, వేలు గాని, నీళ్ళు గాని పెట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే అంబులెన్సును పిలవాలి.

నిద్ర పుచ్చని మందు

1857లో లండన్ వైద్యుడు సర్ ఛార్లెస్ లోకాక్ బ్రోమైడు లవణాన్ని మూర్ఛకు వాడవచ్చునని చెప్పేవరకు ఈ వ్యాధికి నమ్మదగిన మందు లేదనే చెప్పాలి. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ ఫెనోబార్బిటాల్ గుణాన్ని గుర్తించాడు. రెండూ మూర్ఛలను తగ్గించేవి. రెండూ రోగిని మత్తులో ముంచేవి. మత్తు లేనిదే మూర్ఛ ఆగదని, మూర్ఛ తగ్గుదల అనేది మత్తు యొక్క ఫలమేనని వైద్యలోకం నమ్మింది. బడికి వెళ్ళే పిల్లవాడు రోజంతా తూగుతూ కూర్చుంటే, అది మందు ధర అనుకొని తల్లిదండ్రులు ఊరుకొనేవారు.

ఈ నమ్మకాన్ని భగ్నం చేసినది ఫెనిటాయిన్. దాని జన్మ మరీ పాతది. 1908లో జర్మన్ రసాయనవేత్త హైన్‌రిష్ బిల్ట్జ్ దానిని తయారుచేశాడు. మూర్ఛ ఆయన మనస్సులోనే లేదు. తన రసాయన పరిశోధనలో భాగంగా చేసి వదిలిపెట్టాడు. తరువాత అమెరికాలో పార్క్-డేవిస్ కంపెనీవారు నిద్రమందుల కోసం వెదకుతూ ఈ జాతి పదార్థాలను చేసి చూచారు. ఇది నిద్ర పట్టించలేదు. కనుక పనికిరానిదని అలమరలో పెట్టారు. ఏ గుణం లేదని దానిని పక్కన పెట్టారో, ఆ గుణం లేకపోవడమే దాని గొప్పతనమని తేలడానికి మరికొంత కాలం పట్టింది.

1930ల మధ్యలో బోస్టన్ సిటీ ఆసుపత్రిలో నాడీవైద్యుడు ట్రేసీ పట్నం ఒక ప్రశ్న వేసుకొన్నాడు. మందును నేరుగా రోగి మీద ప్రయోగించి చూడడం కాక, ముందుగా జంతువులో కృత్రిమంగా మూర్ఛ కలిగించి, దానిని ఏ పదార్థం ఆపుతుందో పరీక్షించకూడదా? పిల్లుల తలకు కొలత ప్రకారం విద్యుత్తు ఇచ్చి, ఎంత విద్యుత్తుకు మూర్ఛ వస్తుందో మొదట లెక్కకట్టేవారు. తరువాత పదార్థాన్ని ఇచ్చి మళ్ళీ కొలిచేవారు. మూర్ఛ రావడానికి ఎక్కువ విద్యుత్తు అవసరమైతే ఆ పదార్థానికి శక్తి ఉన్నట్లు. ఫెనోబార్బిటాల్‌లో ఫినైల్ వలయం ఉన్నది గనుక ఆ వలయం గల పదార్థాలను కంపెనీల నుంచి అడిగి తెప్పించుకొన్నాడు. ఆయన యువ సహచరుడు హూస్టన్ మెరిట్ వాటిని ఒకటొకటిగా పరీక్షించాడు. చాలా పదార్థాలు విఫలమైనవి, కొన్ని విషతుల్యమైనవి. అలమరలోని డైఫినైల్ హైడాంటాయిన్, అదే ఫెనిటాయిన్, పిల్లిని నిద్ర పుచ్చకుండానే మూర్ఛను ఆపింది.

1937లో సైన్స్ పత్రికలో జంతు ప్రయోగాల ఫలితాలను, 1938లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 200 మంది రోగుల అనుభవాన్ని వారిద్దరూ ప్రకటించారు. ఆ రోగులలో అధికులు పాత మందులకు లొంగనివారు. అయినా తరచు పెద్ద మూర్ఛలు వచ్చేవారిలో సగానికి పైగా వాటి నుంచి పూర్తిగా విముక్తులైనారు. మెలకువగా ఉండి, చదువుకొంటూ, పని చేసికొంటూ మూర్ఛ లేకుండా ఉండవచ్చునన్నది ఆనాటికి కొత్త విషయం. నేటికీ మూర్ఛమందులను వెదికే పద్ధతికి ఆ పిల్లుల ప్రయోగశాలే మూలం.

ఎట్లా పనిచేస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు. తరువాతి దశాబ్దాలలో తెలిసినది ఇది. నాడీకణం పొరలో సోడియం ప్రవేశించే ద్వారాలు ఉన్నవి. సంకేతం వచ్చినప్పుడు ద్వారం తెరుచుకొంటుంది, వెంటనే లోపలి నుంచి గడియ పడుతుంది, క్షణంలో గడియ తీసి మళ్ళీ సిద్ధమవుతుంది. ఫెనిటాయిన్ గడియ పడిన ద్వారాన్ని పట్టుకొని, గడియ తీయడాన్ని కొద్దిగా ఆలస్యం చేస్తుంది. నెమ్మదిగా, విడివిడిగా వచ్చే మామూలు సంకేతాలకు ఈ ఆలస్యం అడ్డు కాదు. ఎడతెరిపి లేకుండా దూసుకువచ్చే మూర్ఛ సంకేతాలకు మాత్రం ద్వారం సమయానికి సిద్ధంగా దొరకదు. తుఫాను ఆగుతుంది, గాలి వీస్తూనే ఉంటుంది.

అయితే అన్ని మూర్ఛలకూ ఇది మందు కాదు. పిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ క్షణకాలం శూన్యంలోకి చూస్తూ ఆగిపోయే రకం ఒకటి ఉన్నది. దానికి ఫెనిటాయిన్ పనిచేయదు, పైగా హెచ్చించవచ్చును. ఒకరి మాత్రలు మరొకరికి ఇవ్వరాదనడానికి ఇంతకంటే కారణం అక్కర లేదు.

ఒక్క మాత్ర చేసే పని

ఇప్పుడు పెద్దాయన తూలుడు సంగతికి వద్దాము. సాధారణమైన మందులలో మోతాదు రెట్టింపు చేస్తే రక్తంలో మందు కూడా దాదాపు రెట్టింపవుతుంది. ఫెనిటాయిన్ ఈ లెక్కకు లొంగదు. ఒక ధాన్యపు మిల్లును ఊహించుకోండి. బస్తాలు వచ్చే కొద్దీ కూలీలు జోరు పెంచి ఆడిస్తారు. కాని యంత్రానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దుకు దగ్గరపడిన తరువాత రోజుకు కొద్ది బస్తాలు అదనంగా వచ్చినా వాకిట గుట్టలు పడతాయి. మన కాలేయంలో ఫెనిటాయిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైములు అట్టి మిల్లు. మామూలు మోతాదులకే అవి హద్దు సమీపానికి వస్తాయి.

పాఠ్యగ్రంథాలలో వాడే సగటు అంకెలతో 60 కిలోల మనిషికి లెక్క వేసి చూడండి. ఆయన కాలేయపు గరిష్ఠశక్తి రోజుకు 420 మిల్లీగ్రాములు. 300 మిల్లీగ్రాముల సోడియం ఫెనిటాయిన్ వేసుకొంటే రక్తంలో సుమారు 8 మైక్రోగ్రాముల వద్ద నిలుస్తుంది. 350 వేసుకొంటే 13. 400 వేసుకొంటే 28! మోతాదు మూడవ వంతు పెరిగితే రక్తంలో మందు మూడున్నర రెట్లయినది. పైగా హద్దు దగ్గరకు వెళ్ళిన కొద్దీ ఆ స్థాయికి చేరడానికి వారాలు పడుతుంది. కనుక పెంచిన మరునాడు ఏమీ కనిపించదు. మూడు వారాలకు తూలుడు మొదలవుతుంది, అప్పటికి మోతాదు మార్చిన సంగతి ఇంటిల్లిపాదీ మరచి ఉంటారు. 20 దాటితే కళ్ళు అదరడం, 30 దాటితే నడక తప్పడం, 40 దాటితే మగత, అయోమయం సాధారణంగా కనిపించే వరుస. మోతాదు పెంచవలసి వస్తే 30 లేక 50 మిల్లీగ్రాముల చొప్పున పెంచడం అందుకే.

ఈ మిల్లు శక్తి అందరిలో ఒకటి కాదు. ప్రధానమైన ఎంజైము జన్యువులో కొందరికి మందకొడి రూపం పుట్టుకతో వస్తుంది. పుదుచ్చేరిలోని జిప్‌మర్ పరిశోధకులు తెలుగువారితో సహా దక్షిణ భారతీయులలో ఈ రూపాన్ని పరిశీలించి ఉన్నారు. అట్టివారికి సాధారణ మోతాదే అధికం కావచ్చును. క్షయకు వాడే ఐసోనియజిడ్ కూడా ఎంజైమును నెమ్మది పరుస్తుంది. రక్తంలో ఈ మందు నూటికి తొంబై పాళ్ళు ఆల్బుమిన్ అనే మాంసకృత్తును అంటిపెట్టుకొని ఉంటుంది. పనిచేసేది మిగిలిన పది పాళ్ళే. బలహీనులలో, వృద్ధులలో ఆల్బుమిన్ తగ్గితే, పరీక్షలో అంకె బాగానే కనిపిస్తూ ఉండగానే మనిషి తూలవచ్చును.

మూడు దేశాలు, మూడు పేర్లు

ప్రవాసులకు ముఖ్యమైన విషయం ఇది. ఇండియాలో ఎప్టాయిన్ అన్నా, అమెరికాలో డైలాంటిన్ అన్నా, 2012 వరకు ఇంగ్లండులో ఎపాన్యుటిన్ అన్నా అన్నీ ఫెనిటాయినే. పేర్లు వేరు గనుక మందులు వేరనుకొని రెండూ వేసుకొన్నవారు ఉన్నారు. ఇక పేరు ఒకటే గనుక తేడా లేదనుకోవడం దీనికి తిరగబడిన పొరపాటు. గొట్టాలలో ఉండేది సోడియం లవణం. 100 మిల్లీగ్రాములలో అసలు మందు 92. నమిలే మాత్రలలో, పిల్లల ద్రవంలో ఉండేది లవణం కాని మందు, 100కు 100. మిల్లు హద్దు దగ్గర ఉన్న మనిషికి ఆ 8 పాళ్ళు చాలు. ద్రవమందు సీసాను బాగా కుదపకపోతే మందు అడుగుకు చేరి, మొదటి వారం పిల్లవాడికి మూర్ఛలు, చివరి వారం తూలుడు.

1968-69లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫెనిటాయిన్ వాడే పలువురికి ఒక్కసారిగా విషలక్షణాలు కనిపించినవి. వైద్యులు మోతాదు మార్చలేదు. రోగులు ఎక్కువ వేసుకోలేదు. విచారిస్తే తేలినది ఏమంటే, గొట్టంలో మందుకు తోడుగా నింపే పొడిని తయారీదారు మార్చినాడు. కాల్షియం సల్ఫేటు స్థానంలో లాక్టోజు. కాల్షియం సల్ఫేటు ఉన్నంతకాలం మందులో కొంత ఒంటబట్టకుండా పోయేది. లాక్టోజు రాగానే అంతా ఒంటబట్టింది. పూరకపు పొడి మారితేనే ఇంత జరిగితే, దేశం, కంపెనీ, రూపం మూడూ మారినప్పుడు జాగ్రత్త అవసరమని వేరే చెప్పనక్కరలేదు. ఫెనిటాయిన్ వాడేవారిని ఒకే తయారీదారు మందు మీద ఉంచవలెనని ఇంగ్లండు ఔషధ నియంత్రణ సంస్థ 2013లో వైద్యులకు సూచించినది.

చెడుగుణాలు దాచవలసినవి కావు. చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. రోజూ శ్రద్ధగా పళ్ళు తోముకొనేవారిలో తక్కువ. ముఖం మీద నూగు, ముఖరేఖలు మొరటుదేరడం ఉన్నవి గనుక యువతులకు ఈ మందును ఇప్పుడు వైద్యులు అంతగా ఇవ్వరు. ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ డి తగ్గి ఎముకలు బలహీనపడతాయి. మొదటి వారాలలో ఒంటి మీద దద్దుర్లు, నోటిలో పుండ్లు, జ్వరం కనిపిస్తే ఆ రోజే వైద్యుని చూడాలి. అరుదే అయినా అది ప్రాణాంతకం కావచ్చును. గర్భనిరోధక మాత్రల శక్తిని ఈ మందు తగ్గిస్తుందన్న సంగతి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఈ మందు శరీరంలో ఫోలిక్ ఆమ్లాన్ని కూడా తగ్గిస్తుంది. దాని వలన ఒకరకమైన రక్తహీనత వస్తుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషించిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. కాని మంచిదే కదా అని ఫోలిక్ ఆమ్లాన్ని స్వయంగా ఎక్కువ మోతాదులో మింగరాదు. అది ఫెనిటాయిన్‌ను త్వరగా కరిగించి, ఆగిన మూర్ఛలను తిరిగి రప్పించగలదు.

ఇంకొకటి. జ్ఞాపకశక్తికి మంచిదని ఇండియా నుంచి వచ్చే నాయనమ్మలు పిల్లలకు తెచ్చే శంఖపుష్పి పానకం ఉన్నది. అది పుచ్చుకొన్న ఇద్దరు రోగులలో అదుపులో ఉన్న మూర్ఛలు తిరగబెట్టగా, బొంబాయి పరిశోధకులు ఎలుకలలో పరీక్షించి, వరుసగా ఇచ్చినప్పుడు అది రక్తంలో ఫెనిటాయిన్‌ను తగ్గిస్తున్నదని 1992లో ప్రకటించారు. మూలికలను నిందించడం నా ఉద్దేశం కాదు. వైద్యునికి చెప్పకుండా ఇవ్వడమే తప్పు.

చెప్పకపోవడం అనగానే పెళ్ళి సంగతి వస్తుంది. సంబంధం తప్పిపోతుందన్న భయంతో అమ్మాయి వ్యాధిని దాచి పెళ్ళి చేయడం, అత్తవారింట మాత్ర వేసుకొంటే బయటపడుతుందని ఆమె మానివేయడం, నెల తిరగకుండా మూర్ఛ రావడం మనవారిలో జరుగుతున్న కథే. హఠాత్తుగా మానివేస్తే ఎడతెగని మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చును. హిందూ వివాహ చట్టంలో 1976 సవరణతో మూర్ఛవ్యాధి వివాహానికి అనర్హతగా చేరినది. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించినది. చట్టం తొలగించినా మన పెళ్ళిచూపుల గదులలో అది ఇంకా తొలగలేదు. ఇక గర్భం విషయానికి వస్తే, ఫెనిటాయిన్ పిండానికి హాని కలిగించగలదని 1975 నుంచి స్పష్టంగా తెలుసు. దానికి విరుగుడు గర్భం అని తెలియగానే మాత్రలు విసిరివేయడం కాదు. గర్భానికి ముందే వైద్యునితో మాట్లాడితే, లామోట్రిజిన్, లెవెటిరాసెటం వంటి మందులకు నెమ్మదిగా మార్చే వీలున్నది.

ఆ కొత్త మందుల వలన సంపన్నదేశాలలో ఫెనిటాయిన్ మొదటి ఎంపికగా వెనుకబడినది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల పట్టికలో నిలిచే ఉన్నది. ఎడతెగని మూర్ఛతో వచ్చిన రోగికి ఫెనిటాయిన్ యొక్క సూదిమందు రూపం, వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటం మూడింటినీ పోల్చిన అమెరికా పరీక్ష 2019లో వెలువడినది. మూడూ దాదాపు సమానంగా, సగం మందికి చొప్పున పనిచేసినవి. తక్కువ ధరకు దొరుకుతుంది గనుక మన ఊళ్ళలో ఎంతోమందికి ఇప్పటికీ ఇదే ఆధారం.

పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. వైద్యులు రెండు రోజులు మందు ఆపి, తిరిగి పాత 300కే తెచ్చారు. పదిరోజులలో ఆయన గోడ పట్టుకోకుండా నడిచారు. తిరుగు ప్రయాణానికి ముందు కుమారుడు ఒక కాగితం మీద మందు పేరు, లవణమా కాదా, తయారీదారు, మోతాదు రాసి, వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో పెట్టినాడు. ఇక్కడి రాత్రి తొమ్మిది అక్కడ మరునాటి ఉదయమవుతుంది గనుక విమానంలో ఏ వేళకు వేసుకోవాలో వైద్యునే అడిగి, తండ్రి చేతిగడియారం మీద చిన్న కాగితం అతికించాడు. హైదరాబాదులో దిగిన రాత్రి ఆయనే ఫోను చేశారు. పెద్దపెట్టె ఈసారి కూడా రాలేదట; మాత్ర మాత్రం వేసుకొన్నారట.